పార్శిలత్త బండికి సామాను కట్టిన ఉదయం

మా మేనత్త పార్శిల్ ఆఫీసులో ముప్పై ఒక్కేళ్లు పనిచేసింది. ఇంట్లో మాకందరికీ ఆమె పార్శిలత్తే. గాజు సామాను, మందు సీసాలు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు, ఏదిచ్చినా గుడ్డలో చుట్టి, మూతి కుట్టి, పురికొసతో బిగించి పంపేది. దారిలో పరాయి చెయ్యి లోపలికి దూరకూడదు, అంతే.

రిటైరైన మూడో వారంలో, ఎముకలు కొరికే చలిలో, కొండమీద సరస్సు పక్కన డేరా వేసుకుని రెండు రాత్రులు ఉండి వస్తానంది. ఒక్కతే, ఇరవై ఏళ్లు ఆఫీసుకి నడిపిన తన మోటార్‌సైకిల్ మీద. నాన్న ఆ మాట వింటూనే బండి తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

"యాభై తొమ్మిదేళ్లొచ్చాయి నీకు! అక్కడ నీళ్లు గడ్డకడతాయి."

"నేను నీళ్లనా అన్నయ్యా, గడ్డకట్టడానికి?"

"బండి పడితే ఎవరు లేపుతారు?"

"నేనే."

"అయితే సామాను కట్టు. బండి పడుకోబెడతాను. ఒక్కదానివే లేపితే తాళం ఇస్తా. లేపలేకపోతే మళ్లీ ఈ ఊసెత్తకూడదు."

"మాట మీదుండు," అంది అత్త.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో పని మొదలైంది. స్టవ్, పనిముట్లు, నీళ్ల డబ్బా రెండు పక్క సంచుల్లోకి వెళ్లాయి. ఎటువైపూ బరువు ఎక్కువ కాకుండా ఒక్కో సంచినీ తక్కెడకి తగిలించి చూసింది. ఎటు చూసినా తొమ్మిది కిలోలే. డేరా, దుప్పట్లు వెనక సీటు మీదకి చేరాయి. తర్వాత గోనెసూది తీసి సంచుల మూతులు కుట్టి, వాటిని పురికొసతో బండికి బిగించడం మొదలుపెట్టింది.

"అత్తా, గ్లౌజులేవి?" అన్నాను.

సూది ఆగింది. "లోపలున్నాయి," అంది గొణుగుతూ. అయినా విప్పలేదు. మరో రెండు ముళ్లు వేసింది.

నాన్న పాత పరుపు పరిచి బండిని దానిమీద వాల్చారు. అత్త మొదటిసారి మోకాలెత్తు లేపింది, జారిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి బండి కదల్లేదు.

"అయిందా సరదా?" అన్నారు నాన్న.

"పడిన బండిని సామానుతో లేపాలని ఎక్కడుంది? దింపి లేపుతా."

"దింపుతావా? నీ ముళ్లు నువ్వే విప్పలేవు. అవి ఊడేలోపు మంచులో కొయ్యబారిపోతావు."

అది నిజం. అత్త తన కుట్ల వైపు చాలాసేపు చూసింది. అంత అందమైన కుట్టు ఆఫీసులో ఇంకెవరూ వేయలేరు.

"కత్తెర పట్రావే," అంది నాతో.

అన్నీ కోసేసింది. గ్లౌజులు తీసి చేతులకి తొడుక్కుంది. "మీ నాన్న బెల్టులు కూడా పట్రా."

"ఒకటే ఉందత్తా. రెండోది నాన్న నడుముకుంది."

"అదీ కావాలి."

"నా బెల్టా!" అంటూనే విప్పి ఇచ్చారు నాన్న, నవ్వాపుకోలేక.

పురికొస బదులు బెల్టులతో సంచుల్ని బండికి కట్టి, గ్లౌజులతోనే బకిల్ పెట్టడం, తీయడం పదిసార్లు చేసింది. బండిని మళ్లీ వాల్చారు. ఈసారి నిమిషంలో సంచులు కిందకి దిగాయి. అత్త బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, మరో చేత్తో సీటు కింది కమ్మీ పట్టుకుని, కాళ్లు నేలకి తన్ని చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరిగింది. మూలిగింది, తిట్టింది. బండి నిలబడింది. సంచులు మళ్లీ ఎక్కించి, బెల్టులు బిగించి, చెయ్యి చాపింది.

"సామానుతో లేపమన్నట్టు గుర్తు," అన్నారు నాన్న నీరసంగా.

"కొండమీద నువ్వుండవుగా, సామాను దింపొద్దనడానికి. తాళం ఇవ్వు."

నాన్న ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి తాళం తీశారు.

"చేరగానే ఫోన్ చెయ్యి."

"చెయ్యను. నువ్వు చేసినా ఎత్తను. మంగళవారం సాయంత్రం వస్తా," అంటూ బండి స్టార్ట్ చేసింది అత్త.