ఇంటిదానికి ఇవ్వని ఆకు

“ఆకు తినిపియ్యి భాయ్. ఎర్రగైంది సూడు.”

“ఇంక సగం పానం ఉన్నది. అప్పుడే ఎందుకు?”

“సగం ఎక్కడిది? కండ్లు పోయినయా నీకు? పావు గూడ లేదు.”

“క్యాంపు గా కనపడుతనే ఉన్నది. పోయి పండుకుంటే అదే నిండుతది. ఆకెందుకు ఖరాబ్ చేసుడు?”

“సంచి నిండ ఆకులు పెట్టుకొని ఏం చేస్తవ్? చట్నీ నూరుతవా?”

“ముదీర్ కాడికి పోయినప్పుడు అక్కరకొస్తయి.”

“అరే, గప్పటిదాంక బతకాలె గద!”

ఇది నాకూ నా భర్తకూ జరిగిన తగువు. ఆకు నిజం ఆకు కాదు, టీవీలోది. ప్రాణం మీదికి వచ్చిందీ టీవీలోని ఒక తెల్లబట్టల ఆడబొమ్మకే. నన్ను భాయ్ అని పిలుస్తున్నాయన మాత్రం నాతో నలభై ఆరేళ్ళు సంసారం చేసిన మనిషి.

ఆయన పద్దెనిమిదేళ్ళు దుబాయ్ వైపు రువైస్ అనే చోట షట్టరింగ్ కార్పెంటర్‌గా చేశాడు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. పని మానేసి ఊరికి వచ్చాక కొన్నేళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత మతి తప్పడం మొదలైంది. పొద్దున్నే చొక్కా వేసుకుని డ్యూటీకి పోతున్నానని బస్టాండుకు నడిచేవాడు. కరోనా తగ్గాక మా కొడుకు మా ఇద్దరినీ అదే దేశంలో ఉన్న తన దగ్గరికి తెచ్చుకున్నాడు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాను నాలుగు వాటాలు చేసి అద్దెకిస్తే, వెనక వాటా మాది.

కొడుకు దగ్గరుంటే కుదుటపడతాడనుకున్నాను. అంతా తారుమారైంది. ఈ ఎండ తగలగానే, ఏసీ చప్పుడు, మసీదు బాంగు చెవిన పడగానే ఆయన ముప్ఫై ఏళ్ళు వెనక్కి పోయి కూలీల క్యాంపులో కూర్చున్నాడు. కొడుకును సాబ్ అనేవాడు. నన్ను చూసి, “ఎవలమ్మా నువ్వు? ఎవలింటికొచ్చినవ్?” అని అడిగేవాడు. మొదట్లో కోపం ఆగక, “నీ పెండ్లాన్ని” అన్నాను. సిగ్గుపడి, “తప్పమ్మా, అట్లనద్దు” అంటూ పక్కకు జరిగాడు. తిట్టినా బాగుండేది. పరాయి ఆడమనిషికిచ్చే మర్యాద నాకిచ్చాడు.

పెళ్ళయిన నాటినుంచి ఆయన నన్ను “ఏమే” అనే పిలిచాడు. ఆ పిలుపు నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఇక్కడికి వచ్చాక నేను కోరుకున్నది అదొక్కటే. ఇద్దరిలో ఎవరో ఒకరం పోయేలోపు ఒక్కసారి నన్ను గుర్తుపట్టి ఏమే అనాలి.

అలాంటి రోజుల్లో ఆయనతో ఒకే గదిలో ఉండిన పాత మనిషి ఒకాయన, ఈ దేశం వదిలి శాశ్వతంగా ఇంటికి పోతూ, చూసిపోదామని వచ్చాడు. ఈయన ఆయన్ను గుర్తుపట్టలేదు. వచ్చినాయన కళ్ళు తుడుచుకుని, పచ్చబడిపోయిన ఒక డబ్బా, దాని క్యాసెట్టు ఇచ్చి పోయాడు. వాళ్ళ గదిలోని వీడియో గేమట. ఈయన ఆ క్యాసెట్టు తీసుకుని, తిరగేసి, దాని పళ్ళలోకి ఉఫ్ అని ఊదాడు. అన్నం కలుపుకోవడం మరిచిన మనిషికి అది గుర్తుంది.

మా కొడుకు దగ్గర్లోని ముసఫ్ఫా బజారుకు పోయి ఏదో వైరు తెచ్చి టీవీకి కలిపాడు. ఫోనులో చూసి, “అవ్వా, గిది ఎక్కడ దొరకదట. జపానోళ్ళు కొన్నే చేసిండ్రట, బయటి దేశాలల్ల అమ్మనే లేదట” అన్నాడు.

“దొరకనిదైతే అమ్మెయ్యి.”

“బాపును ఆడనీయవే ముందుగాల.”

క్యాసెట్టు లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుందట. ఆడినంతవరకు దాచిపెట్టేది అదేనట. అది వాళ్ళ గదిలో ఉన్నప్పుడే చచ్చిందట. అందుకని ఆపితే ఆట మళ్ళీ మొదటికే. మనిషి లేని గదిలో లైటు వెలిగితే నేను ఊరుకోను. అలాంటిది, ఆ డబ్బా పగలూ రాత్రీ నడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి రిమోటు నా చేతికి వచ్చింది. ఆయన పక్కన చాప మీద కూర్చుని చెప్పేవాడు, నేను నొక్కేదాన్ని. కొడుకూ కోడలూ పనికి పోయాక మాకు అదే పని.

నేను చదివింది మూడో తరగతి. తెలుగే కూడబలుక్కుని చదువుతాను. తెర మీద ఉన్నవి జపాను అక్షరాలు. ఆయన గదిలోనూ అవి ఎవరికీ రాలేదట. “సదువుడెందుకు భాయ్? పైనుంచి ఒకటోది కొట్టుడు, రెండోది మందు, మూడోది ఉరుకుడు” అన్నాడు. గళ్ళ నేల మీద నాలుగు బొమ్మలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. దారిలో దయ్యాలో పాములో అడ్డం వస్తాయి. మనం ఒక దెబ్బ, అవి ఒక దెబ్బ. మొదటి పూట నేను కోట గడప కూడా దాటలేకపోయాను.

“గోడను నూకుతున్నవా భాయ్? అది కంపెనీ కట్టిన గోడ, పడది.”

“తొవ్వ ఎటున్నదో చెప్పరాదు మరి!”

“ఎడమ దిక్కు. నీ ఎడమ గాదు, బొమ్మ ఎడమ.”

ఆ ఆటలోని ప్రతిదానికీ వాళ్ళు పేరు పెట్టుకున్నారు. కోటలో కూర్చుని, చేతికి ఒక కర్ర ఇచ్చి దేశాల మీదికి తోలే రాజు కఫీల్, అంటే పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని పని చేయించుకునే యజమాని. పడుకుంటే ప్రాణం నిండే సత్రం క్యాంపు. పడవ దొరికితే ఇంటికి పోయే ఛుట్టీ దొరికినట్టు. చిట్టచివర కొండలో ఉండే మూడు తలల రాక్షసుడు ముదీర్, అంటే మేనేజరు. ముదీర్‌ను చంపారా అని అడిగాను. “ఎక్కడ సంపుతం? శుక్రవారం ఒక్కరోజే గద ఛుట్టీ. శనివారం ఎవడో ఒకడు ఇస్త్రీపెట్టెకని ప్లగ్గు పీకుతడు. ఖలాస్. మళ్ళ కఫీల్ కాడికే” అన్నాడు.

ఆట ముందు కూర్చున్నప్పుడు నేను ఆయనకు క్యాంపు గదిలోని తోటి మనిషిని. నా చీర కనిపించేది కాదు, నాది ఆడగొంతని తెలిసేది కాదు. కళ్ళు టీవీ మీదే ఉండేవి. ఎవలమ్మా అన్న పిలుపు కంటే భాయ్ నయమనుకున్నాను. భాయ్ దాకా వచ్చిన మనిషి ఇంకొంచెం ముందుకు రాకపోతాడా అనుకున్నాను.

నాలుగో రోజో అయిదో రోజో, ఆ నాలుగు బొమ్మలు ఎవరని అడిగాను. కత్తి పట్టింది గదిలోని ఒకాయన, గద పట్టింది ఇంకొకాయన, టోపీది ఈ డబ్బా ఇచ్చిపోయినాయన. చివర నడిచే తెల్లబట్టల ఆడబొమ్మ మిగిలింది. అది అందరికీ మందు వేస్తుంది, దానికి మాత్రం ఎవరైనా ఆకు తినిపించాలి.

“అది మా ఇంటిది.”

నా వేలు రిమోటు మీద ఆగిపోయింది. “నువ్వు లేవా మరి?”

“నేనెందుకు? నేను రోజూ ఇక్కన్నే సస్తున్న గద. అది దుబాయ్ సూడలే. గిండ్లనన్న తిరుగనీ అని పెట్టిన.”

“మంచిదా నీ ఇంటిది?” అని అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను.

“రాయి అసొంటిది. రూపాయి పోతే పానం పోయినట్టే చేస్తది. ఉత్తరం సూడాలె నువ్వు. అంచుల పొంటి, మడతల మీద గూడ రాస్తది, కాయిదం ఖరాబైతదని. బర్రె ఈనింది, బోరుల నీళ్ళు తగ్గినయి, పిలగానికి జెరమొచ్చింది, అన్నీ ఉంటయి. నువ్వెట్లున్నవ్ అని ఒక్క దాంట్ల గూడ ఉండది.”

“జాగ సాలకపోయి ఉంటది.”

“దానికి ఏనాడు సాలది భాయ్.”

ఆ ఉత్తరాలు నేనే రాశాను. ఎట్లున్నవ్ అని అడిగితే బాగలేను అంటాడేమో, అంటే నేను చేయగలిగింది ఏముంది అనుకునేదాన్ని. అది ఆయనకు చెప్పడానికి ఇప్పుడు నేను ఆయన భార్యను కూడా కాను.

ఆనాటినుంచి ఆ తెల్లబట్టల బొమ్మను జాగ్రత్తగానే చూసుకున్నాను. జాగ్రత్త అంటే నాకు తెలిసిన జాగ్రత్త. దెబ్బ తగిలినప్పుడల్లా ఆకు వాడలేదు. ఓర్చుకుని క్యాంపుకు నడిపించి పడుకోబెట్టాను. దారిలో దొరికిన ఆకునల్లా సంచిలో వేశాను. ఇల్లు నడిపింది కూడా అలాగే. రేపటికి ఉంచకుండా నేను ఏదీ వాడలేదు, అందుకే ఆయన పంపిన దానితో మూడెకరాలు నిలబడ్డాయి.

ఆట మొదలైన పదకొండో రోజు సాయంత్రపు అసర్ బాంగు అయింది. వంతెన మీద ఉన్నాం. ఆకు తినిపించమని ఆయన, ఎందుకని నేను. మొదట చెప్పిన తగువు అక్కడిదే. క్యాంపు నిజంగానే కనిపిస్తోంది, ఇంకో పది అడుగులు. నేను ముందుకు నొక్కాను. వంతెన దిగేలోపు నీళ్ళలోంచి తేలు లాంటిది ఒకటి లేచింది. మూడోది, ఉరుకుడు, నొక్కాను. ఉరకనివ్వలేదు. అది కత్తివాణ్ణి వదిలేసి, గదవాణ్ణి వదిలేసి, చివరనున్న దాన్ని కొట్టింది. తెల్లబట్టల బొమ్మ ఉన్న చోట చిన్న నల్ల పెట్టె మిగిలింది.

“ఇప్పుడు ఇయ్యనా ఆకు?” అన్నాను.

“ఎవలికిస్తవ్?”

పోయినవాళ్ళు ఈ ఆటలో మళ్ళీ లేవరట. ఆయన టీవీ మీదినుంచి కళ్ళు తీసి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. ఇప్పుడు పోల్చుకుంటాడనుకున్నాను.

“మా ఇంటిది పోయింది భాయ్” అన్నాడు.

“గది బొమ్మ. నేనున్న ఇక్కడ. నన్ను సూడు, నేనే నీ ఇంటిదాన్ని.”

“నా తోటి ఏడ్వకుంటే ఏడ్వకు. సచ్చినోళ్ళ పేరు మీద పరాచికాలాడకు.” మళ్ళీ టీవీ వైపు తిరిగి, “నీ చేతిల గన్ని ఆకులుండి గూడ ఇయ్యకపోతివి” అన్నాడు.

అరిచాను, చేయి పట్టుకుని ఊపాను, మా ఇద్దరు పిల్లలు పుట్టిన నక్షత్రాలు చెప్పాను. చేయి మెల్లగా విడిపించుకున్నాడు. కొడుకు వచ్చేసరికి చాప మీద గొంతుక్కూర్చుని ఏడుస్తున్నాడు. కొడుకును చూసి లేచి నిలబడి, “సాబ్, కఫీల్‌ను పాస్‌పోర్ట్ అడుగు సాబ్. దినాలకన్నా అందుకుంట” అన్నాడు.

మా వాడు సంగతి తెలుసుకుని డబ్బా ఆపి మళ్ళీ పెట్టాడు. “బాపూ, ఇగో సూడు, మళ్ళ బతికింది” అని కోట ముందు నిలబడ్డ తెల్లబట్టల బొమ్మను చూపించాడు.

ఆయన దాన్ని చూసి, “ఇది వేరే ఆమె. అది పోయి ఒక్క పూట గాలేదు, నాకు రెండో లగ్గం జేస్తరా? సిగ్గులేదా మీకు?” అన్నాడు. కొడుకు నవ్వబోయి, ముఖం తిప్పుకుని బయటికి పోయాడు.

మా అత్త పోయినప్పుడు ఆయన రువైస్‌లో ఉన్నాడు. టెలిగ్రాం చేరేసరికి పన్నెండో రోజు కూడా దాటింది. రాలేకపోయాడు. ఆ రోజు క్యాంపులో ఏం చేశావని నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాడు, భాయ్‌కి చెప్పినట్టు: “తెల్లారంగ నల్ల కింద కూసుంట. అవ్వ పోయినప్పుడు మీరే నెత్తి మీద నీళ్ళు పోసి మైల తీసిండ్రు గద. రేపు గూడ పొయ్యాలె.” సరేనన్నాను.

తెల్లారి నేను లేచేసరికి పక్క మీద లేడు. విల్లా వెనక, కార్లు కడిగే నల్లా దగ్గర, చొక్కా లుంగీతోనే నేల మీద కూర్చుని ఉన్నాడు. బకెట్టు తానే నింపుకున్నాడు. నన్ను చూసి తల వంచాడు. నేను చెంబు తీసుకుని మూడుసార్లు తల మీద పోశాను. కొడుకు తలుపు దగ్గర నిలబడి చూశాడు, దగ్గరికి రాలేదు. నీళ్ళు అప్పటికే వెచ్చగా ఉన్నాయి. ఆయన తల తుడుచుకోలేదు. “షుక్రియా భాయ్” అని లోపలికి పోయి, తడిబట్టలతోనే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కోడలు తెచ్చిన చాయ్ ముట్టలేదు.