మా ఇల్లు గీసిన అక్క

నా చిన్నప్పుడు మా పర్చూరులో ఇల్లంటే ముందు వసారా, వెనకెక్కడో చీకటి వంటిల్లు. మిరపకాయలు వేయిస్తే ఆ ఘాటుకి మా నాయనమ్మ దగ్గి దగ్గి నేలమీద కూలబడేది. మా నాన్న కొత్త ఇల్లు తలపెట్టినప్పుడు, పక్కింటి అక్క ప్లాను తాను గీసిస్తానంది. మద్రాసులో ఆర్కిటెక్టు చదువు చదివి, పెళ్ళైన కొన్నాళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి ఆవిడ.

గీసే ముందు అక్క రోజూ వచ్చి మా వంటింట్లో పీట వేసుకుని కూర్చునేది. నాయనమ్మ ఎటు తిరుగుతుందో, ఎక్కడ వంగుతుందో చూసేది. ఇల్లు లేచాక ఊరంతా నవ్వింది. నగిషీ స్తంభాల్లేవు, పెంకుల్లేవు. చదునైన కప్పు, గోడంత కిటికీలు. "ఇల్లు కట్టమంటే పొగాకు ఆరబెట్టే బేరన్ కట్టించిందేందిరా!" అన్నారు. అక్క పట్టించుకోలేదు. వంటింటిని ఇంటి ముందుకి, తూర్పు వెలుగులోకి తెచ్చింది.

గృహప్రవేశం నాడు పొద్దున్నే అక్క వచ్చింది. అమ్మ పొయ్యి మీద పాలు పెడుతోంది. నాయనమ్మ కిటికీలోంచి అక్కను చూసి నన్ను పక్కకి పిలిచింది. "పాలు పొంగేదాకా లోపలికి రావద్దని అక్కతో చెప్పిరావే. శుభమా అని చేసుకుంటన్నాం."

నాకేం తెలుసు? పరుగెత్తుకెళ్ళి చుట్టాలందరి ముందూ గట్టిగా చెప్పేశాను.

అక్క మొహం పాలిపోయింది. నా జడ సవరిస్తూ, "సరేలే. నువ్వు లోపలికెళ్ళి ఒకటి చూసిరా. పొయ్యి దగ్గర నిలబడితే మీ నాయనమ్మ మొహం వెలుగులో కనిపిస్తోందా? పొగ కళ్ళల్లోకి రావట్లేదుగా?" అంది.

నేను వెళ్ళి నాయనమ్మను తేరిపార చూడసాగాను.

"ఏందే అట్టా చూస్తన్నావ్?"

అక్క ఏం చూసి రమ్మందో ఉన్నదున్నట్టు చెప్పాను.

ఇంతలో పాలు పొంగాయి. అందరూ సంతోషంగా కేకలేస్తుంటే నాయనమ్మ మాత్రం తల వంచుకుని బయటికి నడిచింది. పంతులుగారు పిలుస్తున్నా ఆగలేదు. అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వు కట్టిన ఇంట్లోకి నిన్నే రావద్దన్నాను తల్లీ. నా బుద్ధి గడ్డి తింది. లోపలికి రా" అంది.

అక్క వచ్చింది. వంటింటి కిటికీ రెక్క తీసి, వేసి చూసింది. గడియ కాస్త బిగువుగా ఉందంది. భోజనానికి మాత్రం ఉండలేదు. ఆ పూట నాయనమ్మ కూడా విస్తరి ముందు కూర్చోలేదు.

తర్వాత అక్క పొన్నూరు దాకా ఎన్నో ఇళ్ళు గీసింది. ఆవిడ పోయాక, ఇప్పుడు కాలేజీ పిల్లలు కెమెరాలు పట్టుకుని మా ఇల్లు చూడటానికి వస్తున్నారు. ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళకి ఆవిడే ఆద్యురాలని నాకే వివరిస్తుంటారు. నేను తలూపుతాను. గుమ్మం ముందు నిలబడి ఫొటో తీసుకుంటుంటే మాత్రం వాళ్ళ మొహాల్లోకి చూడలేను. ఆ మాట మోసుకెళ్ళింది నా నోరే కదా.

ఎవరు గృహప్రవేశానికి పిలిచినా నేను పెందలాడే వెళ్తాను. వెంటనే లోపలికి అడుగు పెట్టను. గోడవారన ఎవరైనా ఒదిగి నిలబడ్డారేమో చూస్తాను. ఉంటే, వాళ్ళ చెయ్యి పట్టుకునే లోపలికి వెళ్తాను.