పటం మీద వేలు

పటంలో ఏ చోటైనా చూపిస్తే, ఎదుటివాళ్లు ఒప్పుకునేదాకా ఆమె అక్కడినుంచి వేలు తీసేది కాదు. సూరత్‌లో నా దగ్గర పురావస్తు పరిశోధన చేసిన విద్యార్థిని. అక్కడి బమ్రోలి పేటలో స్థిరపడిన తెలంగాణ పవర్‌లూమ్ కార్మికుల బిడ్డ.

తాపీ నది వెంట తవ్వకాల్లో బయటపడిన పాత ఊళ్లను చుక్కలుగా, వాటి మధ్య రాకపోకలను గీతలుగా కంప్యూటర్‌లో అల్లేది. ఒక గీత మరీ పొడుగ్గా సాగింది. దాని మధ్యలో ఖాళీ సున్నా చుట్టింది.

"అక్కడ కుండపెంకు కూడా దొరకలేదు కదమ్మా!"

"యాడ తవ్విన్రు సార్? అన్నీ ఫ్యాక్టరీ షెడ్లేనాయె. గింత దూరం ఎడ్లబండి ఒక్క పొద్దుల పోతదా? నడుమ ఆగనీకి ఊరుండాలె. వాళ్లకేమన్న బైకులున్నయా?"

తోటి పండితులు నవ్వుతారని భయపడ్డాను. సదస్సుకు ముందు, ఆమెకు చెప్పకుండానే ఆ సున్నా చెరిపేశాను.

తెర మీద పటం పడగానే ఆమె లేచి వచ్చి, సరిగ్గా ఆ చోట వేలు పెట్టి నిలబడింది.

"వేలు తియ్యమ్మా, అందరూ చూస్తున్నారు."

"సున్నా పెట్టుండ్రి, తీస్త. తవ్వనిది మనం. లేకుంట పోవుడు వాళ్లా? రేపు మా బమ్రోలిని గూడ గిట్లనే తుడుస్తరు."

నేను పెట్టలేదు. నా ప్రసంగం ముగిసేదాకా ఆమె చెయ్యి దించలేదు. తర్వాత వేరే గైడు దగ్గరికి వెళ్లిపోయింది.

అక్కడ ఇప్పటికీ ఎవరూ తవ్వలేదు. ఊరు ఉందో లేదో నాకు తెలియదు. తెలియనిదాన్ని లేదని చూపించింది మాత్రం నేనే.

ఇప్పుడు నా పటంలో ఆ సున్నా ఉంది. మొన్నొక సభలో దాన్ని చూసి ఒకాయన నవ్వాడు. నేను లేచి వెళ్లి, దాని మీద వేలు పెట్టాను.