వెన్నక్క పెట్టిన పండు

పండ్ల గిడ్డంగిలో ఆమెను అందరూ వెన్నక్క అంటారు. అవకాడోకి వెన్నపండు అని ఇంకో పేరుంది కదా, పొద్దస్తమానం ఆ పండ్లతోనే ఉంటుందని ఆ పేరు ఆమెకు అంటించారు. మాటలో మాత్రం వెన్న బొత్తిగా లేదు. ఎవరైనా పండును బొటనవేలితో నొక్కారంటే వాళ్ల వంశాన్నంతా పేరుపేరునా కడిగేసేది. వేలు దిగిన చోట అప్పటికి ఏమీ తెలియదు, మర్నాడు కోస్తే లోపల నల్లగా కమిలిపోయి ఉంటుంది. పండును అరచేతిలో పెట్టుకుని, చెయ్యంతా మెల్లగా ముడిచి చూడాలి. ఆ చెయ్యి కోసమే గిడ్డంగి మేస్త్రి ఆమె నోటిని భరించేవాడు.

గట్టి కాయలు బయట బల్లల మీద ఉండాలి. కాయను తొందరపడి చలిగదిలోకి తోస్తే అది ఇక సరిగ్గా పండదు, రబ్బరులా సాగుతుంది. మెత్తబడ్డ పండే చలిగదిలోకి వెళ్లాలి, అక్కడైనా నాలుగు రోజులకు మించి ఆగదు. తోలు మీద మచ్చపడి అమ్ముడుపోని కాయలు పనివాళ్లవి. సబ్బు ముక్క తిన్నట్టుందని చాలామంది వాటిని ముట్టుకునేవాళ్లు కారు. వెన్నక్క కూడా అంతే, మొగుడికి జబ్బు చేసేదాకా.

అతను దర్జీ. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఆసుపత్రిలో చెప్పి, ఉప్పు తగ్గించమన్నారు, అరటిపండు, నారింజ, బంగాళాదుంప వద్దన్నారు. ఎందుకు వద్దో ఎవరూ చెప్పలేదు, ఈమె అడగలేదు. ఆ రోజు నుంచి అరటిపండును గడప దాటనిస్తే ఒట్టు. చప్పిడి తిండి అతనికి గొంతు దిగేది కాదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేవాడు. తన ప్యాంట్లే తను మళ్లీ మళ్లీ బిగించి కుట్టుకుంటూ, కొలత మారినా ఖాతాదారు మాత్రం మారలేదే అని నవ్వేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. ఈ మనిషి తిండి లేకే పోతాడన్నది ఆమె భయం.

అలాంటప్పుడు గిడ్డంగి గోడకు అవకాడో గొప్పలు రాసిన ఒక రంగుల బొమ్మ అంటించారు. మేస్త్రి దాన్ని పాఠంలా పైకి చదివాడు: గుండెకు మేలు చేసే కొవ్వు, పేగులకు పీచు, పుష్కలంగా పొటాషియం, విటమిన్లు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఉన్నవాళ్లు ఏరికోరి తినే పండు లేనివాడికి మాత్రం చేదా అనుకుంది వెన్నక్క. వద్దన్న వాటిలో దీని పేరు లేదు మరి. ఆ రోజే సంచీలో నాలుగు మచ్చకాయలు వేసుకుంది.

కాయలు త్వరగా పండాలంటే కాగితం సంచిలో వాటి పక్కన ఒక అరటిపండు పెట్టాలి. అరటిపండు ఇంట్లోకి రాకూడదు కాబట్టి సంచిని గుమ్మం బయట మేకుకు తగిలించింది. కాయలు మెత్తబడగానే అరటిపండును పక్కింటివాళ్లకు ఇచ్చేసి, చెయ్యి సబ్బుతో కడుక్కుని లోపలికి వచ్చింది. విషాన్ని పొరుగింటికి పంపి అమృతాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నానన్న నిబ్బరం. అయ్యో తల్లీ అని ఆపే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేకపోయారు.

పండు కోసి, నిమ్మరసం పిండి, మిరియాల పొడి చల్లి పెట్టింది. ఉప్పు అక్కర్లేని రుచి. గింజ ఉన్న సగానికి నిమ్మరసం రాసి, మూతపెట్టి, మర్నాటికి ఫ్రిజ్‌లో దాచింది. అతను గిన్నె నాకినంత పని చేశాడు. తర్వాత రోజూ, ఆ తర్వాత పూటపూటా అదే.

"ఇదొక్కటి పెట్టవే, చాలు," అన్నాడు ఒకరోజు. ఆమె వంటింట్లోకి వెళ్లి సంతోషంతో ఏడ్చింది.

చూడటానికి వచ్చిన పెద్దాడపడుచు కూడా తమ్ముడి మొహం తేరుకుందని మెచ్చుకుంది. ఆ మెప్పు తడి ఆరకముందే, ఒక ఉదయం అతనికి మిషను తొక్కే కాలు పైకి లేవలేదు. గుండె ఎక్కడో దూరాన కొట్టుకుంటున్నట్టుందని చెప్పి ఒరిగిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తింటున్నాడని అడిగింది. వెన్నక్క కొంచెం గర్వంగానే చెప్పింది.

"అరటిపండు వద్దన్నది అందులో పొటాషియం ఉన్నందుకేనమ్మా. పాడైన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు, అది గుండెనే ఆపేస్తుంది. మీరు పెట్టే సగం పండులో ఇంచుమించు ఒక అరటిపండుకు సరిపడా ఉంటుంది."

ఇన్నాళ్లూ ఎన్ని సగాలు పెట్టిందో వెన్నక్క వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది," అంది ఆడపడుచు, మెల్లగానే. ఆమె చెడ్డది కాదు. తమ్ముడు గండం గడిచి ఇంటికి రాగానే మూటాముల్లే సర్దుకుని వచ్చి, వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది.

అతను పెళ్లాన్ని పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. తిట్టు తినడం, తిట్టడం ఆమెకు తెలిసిన విద్యలే. అతను మాత్రం మంచిగానే పలకరించేవాడు, పనికి వేళ అవుతోందని గుర్తుచేసేవాడు.

ఒక సాయంత్రం ఆడపడుచు మందులు తేవడానికి వెళ్లి ఆలస్యం చేసింది. వెన్నక్క డాక్టరమ్మ చెప్పినట్టే, కొలత తప్పకుండా, అన్నమూ కూరా వండి అతని ముందు పెట్టింది. అతను కంచం వైపు చూశాడు. కడుపులో పేగులు అరిచిన చప్పుడు ఆమెకు వినబడింది.

"ఆకలిగా లేదు," అన్నాడు.

ఆమె కంచం తీసి మూతపెట్టింది. ఇంతలో ఆడపడుచు వచ్చి, ఇంకా తినలేదా అంటూ మూత తీసి, అదే కంచం అతని ముందు పెట్టింది.

"నువ్వు చూశావా అక్కా?" అన్నాడతను.

"చూశాన్లేరా, తిను."

అతను తిన్నాడు. మారు కూడా అడిగి పెట్టించుకున్నాడు.