కళ్ళాయన అమ్ముకున్న చూపు

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. కళ్ళాయన అంటే చాలు, ఎవరైనా స్టూడియో దాకా దారి చూపిస్తారు. పోయినవాళ్ళ చేత కళ్ళు తెరిపించడం ఆయన పని. మంత్రమేదో వేస్తాడనుకునేరు! కొందరు బతికున్నంతకాలం ఒక్క మంచి ఫొటో దిగరు. తీరా పోయాక ఇంటివాళ్ళు లబోదిబోమంటూ, కళ్ళు మూసుకున్న ఫొటో ఒకటి తీసి పట్టుకొస్తారు. దాన్ని కంప్యూటర్లో పెట్టి, మనిషి మేలుకుని చూస్తున్నట్టు చేసి, ఫ్రేము కట్టి ఇవ్వాలి.

మొదట్లో ప్రాణం పెట్టి చేసేవాడు. "నవ్వితే కళ్ళు చిన్నవయ్యేవా? కోపమొస్తే ఎలా చూసేవారు?" అని ఇంటిల్లిపాదినీ అడిగి విసిగించేవాడు. ఒక్కో ఫొటోకి రోజులు పట్టేవి. వచ్చే డబ్బు అద్దెకే చాలేది కాదు. అయినా మధ్యాహ్నం భార్య క్యారియర్ తెచ్చేది, ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవారు. "అందరి కళ్ళూ చూస్తారు, నా కళ్ళు చూసే తీరిక ఎప్పుడొస్తుందో మహానుభావుడికి!" అని ఆటపట్టించేది. ఒకసారి అలా అంటూండగానే కెమెరా క్లిక్‌మనిపించాడు. ఆవిడ తనను చూస్తున్న చూపు అందులో పడింది.

ఇక్కడే ఆయన బుద్ధి గడ్డి తిన్నది. ఒకరోజు పని తొందరలో ఆ కళ్ళే కత్తిరించి ఎవరో ముసలాయన మొహంలో అతికించాడు. మిగతా ఫొటో ఎందుకులే అని చెరిపేశాడు కూడా. కనుబొమలు మార్చాడు, చుట్టూ ముడతలు వేశాడు, చూపు మాత్రం అలాగే ఉంచాడు. ఇంటివాళ్ళు బావురుమన్నారు. "మా నాన్నే! ఎంత ప్రేమగా చూస్తున్నాడో!" అన్నారు. అంతే, ఆ తర్వాత ఎవరొచ్చినా అవే కళ్ళు. రోజుల పని గంటలో తెమిలిపోయేది. జనం ఎగబడ్డారు. సొంత స్టూడియో వచ్చింది, సొంత ఇల్లు వచ్చింది. నాలుగు రాళ్ళు వెనకేసుకున్నానని తెగ మురిసిపోయాడు. క్యారియర్ మాత్రం రావడం మానేసింది. కూర్చుని తినే తీరిక ఉంటేగా!

ఒకనాడు ఆవిడ పక్కింటికి పరామర్శకు వెళ్ళి, గోడమీది ఫొటో చూసి కొయ్యబారిపోయింది. భ్రమేమో అనుకుంది. వెనకవీధిలో ఇంకో ఇంట్లోనూ అవే కళ్ళు. మందుల షాపులో, షాపువాడి తాత మొహంలోంచి తనే తనవంక చూస్తోంది! ఇంటికొచ్చి తలుపేసుకుంది. రాత్రి ఆయన రాగానే అడిగింది.

"ఆ చూపు మీకిచ్చానండీ. ఊళ్ళో పోయినవాళ్ళందరికీ పంచుతారా?"

"పిచ్చిదానా, ఫొటోయే కదా! మనకీ ఇల్లూ వాకిలీ ఎలా వచ్చాయనుకున్నావు?"

అప్పట్నుంచి ఆవిడ ఆయన మొహంలోకి చూడటం మానేసింది. వడ్డించేది, అడిగినదానికి జవాబు చెప్పేది, చూపు మాత్రం గోడమీదే. "ఒక్కసారి ఇటు చూడవే" అని బతిమాలితే తలెత్తేది. ఆ కళ్ళలో ఎవరూ ఉండేవారు కాదు. పక్కన మనిషి ఉండగానే ఆయనకి ఇల్లు ఖాళీగా ఉన్నట్టుండేది.

"అన్ని ఫొటోలూ వెనక్కి తెచ్చి మార్చేస్తాను. అప్పుడైనా చూస్తావా?"

"తెండి, చూద్దాం" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని, స్టూడియోకి తాళం వేసి ఇల్లిల్లూ తిరిగాడు. "కళ్ళు సరిగ్గా కుదరలేదండీ, ఊరికే మార్చిస్తాను" అన్నాడు. ఒక్కరూ ఇవ్వలేదు. "బాగున్నదాన్ని ముట్టుకోకు బాబూ" అని మొహం మీదే తలుపులు వేశారు.

చివరికి రైలు గేటు దగ్గర ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంటికి వెళ్ళాడు. సంగతి వినగానే ఆవిడ భర్త ఫొటోకి అడ్డంగా నిలబడింది.

"నాయనా, ఈయన బతికున్నన్నాళ్ళూ నన్నొక్కసారి ఇలా చూడలేదు. కాపురమంతా కసురుకోవడమే. ఇప్పుడు చూస్తున్నాడు. నీకు దండం పెడతాను, తీసుకెళ్ళకు."

పాపం, కళ్ళాయన వాలకం చూసి మంచినీళ్ళు తేవడానికి ఆవిడ లోపలికెళ్ళింది. అప్పుడు తలెత్తి చూశాడు. మీసాల ముసలాయన మొహంలోంచి తన భార్య, ఆ పాత స్టూడియోలో చూసినట్టే, తనవంకే చూస్తోంది. ఎన్నాళ్ళయిందో అలా చూసి! కుర్చీలో కూలబడ్డాడు.

పెద్దావిడ గ్లాసుతో వచ్చేసరికి ఏడుస్తున్నాడు.

"తీసుకెళ్ళనమ్మా" అన్నాడు. "అప్పుడప్పుడు వచ్చి, ఇక్కడ కాసేపు కూర్చోనిస్తారా?"