పన్నెండు మాటల వాగ్దానం

మా ఇంటికి కిటికీ ఉందంటే ఉంది, లేదంటే లేదు. కెనడాలోని రెజైనాలో మేము అద్దెకున్నది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, నేల కింది గదుల్లో. గోడకు పైన, సీలింగుకి ఆనుకుని, జానెడు ఎత్తున ఒక అద్దం ఉండేది. ఎండాకాలంలో అందులోంచి గడ్డి మొదళ్లూ, ఇంటివాళ్ల పిల్లి కాళ్లూ కనిపించేవి. చలికాలంలో మంచు కప్పేసేది. ఇక పగలంతా ఇల్లు నీళ్లపాల రంగులో తేలుతూ ఉండేది. మధ్యాహ్నమో సాయంత్రమో తెలిసేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. కిటికీ ఉన్న వంటగది కావాలి నాకు, అంతే. అంట్లు తోముకుంటూ బయట ఎవరున్నారో చూసుకునే కిటికీ. అదేమన్నా గొంతెమ్మ కోరికా!

ఆ ఏడు కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచారు. మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో అదొక ఆనవాయితీ. పళ్లెంలో కార్డులు బోర్లించి పెడతారు. కళ్లు మూసుకుని ఒకటి తీస్తే, దాని మీదున్న వాక్యం ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. నాకు ఓర్పు గురించి వచ్చింది. ప్రతి ఏడూ నాకు ఓర్పే వస్తుంది. "పళ్లెంలో ఇంకేమీ లేవా అమ్మగారూ?" అని పాస్టరమ్మగారిని అడిగాను కూడా. "పోయినేడుది నీకు చాలలేదేమోనమ్మా" అని ఆవిడ నవ్వారు.

ఆ వారంలోనే మా ఆయన గేదె కాయిన్ అనే క్రిప్టో కొన్నారు. ఫోన్‌లో బొమ్మ చూపించారు. బురద నీళ్లలో ముక్కు దాకా మునిగి, కళ్లు మూసుకుని కలలు కంటున్న గేదె. ఎవరో మన కుర్రాళ్లే సరదాకి తయారు చేశారట. మీమ్ టోకెన్ అంటారట దాన్ని. దాని వెనక కంపెనీ లేదు, సరుకు లేదు, ఒక నవ్వు తప్ప. గేదె అనాలా బర్రె అనాలా అని, కొన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో కోస్తా వాళ్లూ తెలంగాణ వాళ్లూ రోజూ వాదులాడుకునేవారు.

"గేదెని నీళ్లలో పెట్టి బేరమాడినట్టుంది మీ యవ్వారం" అన్నాను.

"సోఫాకని దాచిన డబ్బులేగా. పోతే కింద కూర్చుందాం" అన్నారాయన.

ఆ కాయిన్లు దాచుకోవడానికి ఫోన్‌లో ఒక వాలెట్ పెట్టారు. అది పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇచ్చింది. ఆ మాటలు వరసగా తెలిసినవాళ్లెవరైనా, ఎక్కడున్నా, ఆ వాలెట్ తెరిచేయొచ్చట. మర్చిపోతే మాత్రం మనమే తెరవలేమట. వెళ్లి మొర పెట్టుకోవడానికి బ్యాంకూ లేదు, కౌంటరూ లేదు. "ఫోన్‌లో సేవ్ చేయకూడదు, పేపర్ మీద రాస్తే నేను పారేసుకుంటా. నువ్వు బట్టీ పట్టవా?" అని బతిమాలారు. చిన్నప్పుడు కాకినాడ సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ఏటా ప్రైజు నాదే మరి. సరే చదవమన్నాను. కిచెన్ అన్నారు. లాడర్, ఆరెంజ్, వింటర్... మధ్యలో గార్డెన్. చిట్టచివరి మాట, విండో.

వంటగది, తోట, కిటికీ! అవి యంత్రం గుడ్డిగా ఏరిన మాటలే తల్లీ అని ఆయన మొత్తుకున్నారు. "పళ్లెంలో కార్డు మాత్రం నేను కళ్లు తెరిచి తీశానా?" అన్నాను.

వాక్యాలకు కట్టినట్టే ఆ మాటలకూ ఒక రాగం కట్టాను. చపాతీ పిండి కలుపుతూ, బట్టలు మడతపెడుతూ లోలోపల పాడుకునేదాన్ని. లోలోపల అనే అనుకున్నాను. మా ఏడేళ్ల అమ్మాయి పక్కనే రంగులు వేసుకుంటూ ఉండేది.

గేదె నిద్రలోనే పెరిగింది. ఫిబ్రవరి చివరికి స్క్రీన్ మీది అంకె ఒక ఇంటి డౌన్ పేమెంట్ అంత అయింది. ఆ ఇల్లు కూడా నేను చూసిపెట్టాను. పని నుంచి వస్తూ ఒక స్టాప్ ముందే బస్సు దిగి, అమ్మకానికని బోర్డు పెట్టిన ఆ ఇంటి ముందు నుంచి నడిచేదాన్ని. దక్షిణం వైపు వంటగది కిటికీ, దాని కింద మంచులో మునిగిన పెరడు. మంచు కళ్లలో పడుతుంటే ఆ కిటికీలో నేనే నిలబడి నన్ను చూస్తున్నట్టుండేది. కరివేపాకు కుండీ ఎక్కడ పెట్టాలో కూడా ఖాయం చేశాను. నిచ్చెన ఉన్న మంచం కావాలంది మా అమ్మాయి. లాడర్ మరి! వాగ్దానంలో అదీ ఉంది. ఈస్టర్ దాటాక మొత్తం అమ్మేసి ఆ ఇంటికి ఆఫర్ పెడదామన్నారు మా ఆయన. ఎగతాళి చేసిన నేనే ఆయనకన్నా లోతుగా మునిగాను. ఆ రోజులు ఎంత బాగుండేవో! మా బేస్‌మెంట్ గోడ మీద కూడా నాకు ఎండ కనిపించేది.

మార్చిలో ఒక ఆదివారం పిల్లల ప్రోగ్రాం జరిగింది. కాకినాడలోని తాతలూ అమ్మమ్మలూ, విన్నిపెగ్‌లోని చుట్టాలూ చూడాలని లైవ్ పెట్టారు. మా అమ్మాయి మైకు పట్టుకుని కంఠత వాక్యం మొదలుపెట్టి, సగంలో మర్చిపోయింది. నా వైపు చూసింది. నేను పెదవులు కదిపాను. దానికి అందలేదు. కాసేపు బూట్లు చూసుకుని, మొహం వెలిగిపోయి, నా రాగంలో గొంతెత్తి పాడేసింది. కిచెన్ నుంచి విండో దాకా, పన్నెండూ.

"ఆమెన్!" అన్నారు పాస్టరు గారు. అందరూ చప్పట్లు కొట్టారు. "కీర్తనల్లోదా అమ్మా అది? ఎంత బాగుందో" అంది నా పక్కనున్న ఆంటీ.

మా ఆయన కోట్లు తగిలించే గదిలోకి పరిగెత్తారు. వెనకే వెళ్లాను.

"లైవ్‌లో వెళ్లిపోయింది. ఎవడైనా టైప్ చేస్తే చాలు, మొత్తం ఖాళీ. ఎలాగూ అమ్మేవే కదా, ఇప్పుడే సెల్ చేసేస్తా."

నొక్కారు. ఫోన్ చూసి ఆగిపోయారు. మళ్లీ నొక్కారు.

"ఏమైందండీ?"

"పూల్‌లో డబ్బు లేదు."

"పూలేంటి?"

"మన కాయిన్లు అందులో పోసి, డాలర్లు తోడుకోవాలి. లిక్విడిటీ పూల్ అంటారు. మనం పోసేకొద్దీ రేటు పడిపోతోంది. డాలర్లు అడుగంటిపోయాయి."

"మరి రోజూ చూపించిన ఆ అంకె?"

"ఎవడో చివర్లో నాలుగు కాయిన్లు కొన్న రేటు. దాంతో మనవన్నీ మల్టిప్లై చేసి చూపించింది. అంతే."

సంతలో ఒక గేదె మంచి ధరకు పోతే, మందంతటికీ అదే ధర కట్టుకుని మురిసిపోయాం. మందను కొనేవాడు సంతలోనే లేడు. తడి బూట్ల మధ్య నిలబడి ఆయన వచ్చినకాడికి అమ్మేశారు. సోఫా డబ్బులే తిరిగొచ్చాయి, కాస్త తరుగుతో. పాట విని దొంగ ఎవడూ రాలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. లెక్క చూస్తే మేము పోగొట్టుకున్నదేమీ లేదు. ఇల్లు పోయింది, అంతే. ఎన్నడూ గడప తొక్కని ఇంటి కోసం, ఎవరి కోటో మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

తిరిగొస్తూ ఆయన, నేను అడక్కుండానే, ఆ వీధి మీదుగా డ్రైవ్ చేశారు. బోర్డు ఇంకా ఉంది. కిటికీ మీద ఎండ పడుతోంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి సన్నగా అడిగింది.

"మమ్మీ, డిడ్ ఐ సింగ్ ఇట్ రాంగ్?"

"లేదు నాన్నా. ఒక్క మాట కూడా తప్పలేదు" అన్నాను.

మమ్మల్ని దింపి ఆయన లోపలికి రాలేదు. నేను సింక్‌లో పొద్దుటి అంట్లు తోముతున్నాను. పైన ఎక్కడో గీరుతున్న చప్పుడు. మళ్లీ చప్పుడు. ఉన్నట్టుండి గోడ మీది అద్దం తెల్లగా పగిలినట్టయి, మంచు జారి, ఎండ తిన్నగా వచ్చి సోఫా లేని చోట నేల మీద పడింది. ముందు పార కనిపించింది, తర్వాత బూట్లు. తర్వాత ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చెంప మంచుకి ఆనించి, లోపలికి తొంగి చూశారు. ముక్కు ఎర్రగా కందిపోయింది.

"డాడీ ఈజ్ ఇన్ ద విండో!" అని మా అమ్మాయి గెంతింది.

గిన్నె పక్కన పెట్టి, సబ్బు చేత్తోనే ఆయనకు చెయ్యి ఊపాను.