చిప్స్‌కి బోల్టు బిగించిన సోంబరు

హుకుంపేటలో జీపులు బాగుచేసే సోంబరుకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎదుటివాడి చేతిలో చిప్స్ పొట్లం కనిపిస్తే లాక్కుంటాడు. తినడు. పాత బ్యాటరీ పెట్టెలో పడేసి, మూతకి బోల్టు బిగించి, "బండి పనయ్యాక ఇత్తాను" అంటాడు. ఈ పిచ్చి పుట్టుకతో రాలేదు. వానలు వెనకబట్టాక మొదలై, చలికి బాగా ముదిరింది.

డ్రైవరైనా, ప్రయాణికుడైనా ఒకటే. ఒకసారి పెళ్ళి జీపు టైరు పంక్చరై వస్తే ఏకంగా పెళ్ళికొడుకు పొట్లమే లాగేశాడు.

"నాను పెళ్ళికొడుకుని, మావా!"

"అయితే ఏటి? నీకు పొట్ట నేదా? ఇది తాగు," అని చోడి అంబలి గ్లాసు చేతికిచ్చాడు.

ఆ రాగి అంబలి, ఉడికించిన పనసగింజలు, నంజుకోడానికి ఉల్లిపాయ. ఆ షెడ్డులో దొరికేవి ఇవే. చిప్సే కావాలన్నవాణ్ణి సోంబరు, "డీజిలు బండిలో కిరసనాయిలు పోత్తావేటి?" అని అడుగుతాడు. పోసే డ్రైవర్లూ ఉన్నారు. కానీ సోంబరు చేతిలో స్పానరు ఉన్నంతసేపు ఎవరూ నోరెత్తరు.

అందరికన్నా ఎక్కువ నలిగినవాడు చింతపల్లి జీపు తోలే భాస్కర్. అతని మధ్యాహ్నం భోజనం రెండు మసాలా చిప్స్ పొట్లాలు, ఒక కూల్‌డ్రింకు. మానాలని అతనికీ ఉంది. ఆస్పత్రిలో డాక్టరు మాత్రలు రాసిచ్చి, "మూడు నెలల్లో షుగరు దిగకపోతే ఘాట్ రోడ్డు మీద బండి తోలడం కుదరదు" అన్నారు. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. స్టాండులో తెలిస్తే తన జీపు ఎవరెక్కుతారు? కానీ పొట్లం గలగలమంటే చాలు, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయేది.

బ్రేకులు చూపించడానికి వెళ్ళిన రోజు అతని పొట్లం కూడా పెట్టెలో పడింది.

"మావా, ఆకలేత్తంది. బేగి ఇచ్చెయ్."

"బ్రేకు అవనీ."

"ఎంతసేపు?"

"అంబలి తాగినంతసేపు."

భాస్కర్ మొదటి గ్లాసు కోపంగా తాగాడు. రెండోది కొంచెం తక్కువ కోపంగా తాగాడు. అరగంటకి సోంబరు బోల్టు విప్పి పొట్లం చేతికిస్తే, చింపబుద్ధి కాలేదు.

అక్కడితో వదల్లేదు. "ఎల్లుండి రా, క్లచ్చి సూడాల." ఎల్లుండి వెళ్తే, "హారను గొంతు బాగోనేదు, మంగళవారం రా." ఏ రోజైనా సరిగ్గా ఒంటిగంటకే రమ్మంటాడు. నిక్షేపంలాంటి బండికి ఇన్ని రోగాలేమిటి? మావ పని మరిచిపోయాడేమోనని కూడా భాస్కర్ అనుకున్నాడు.

మూడు నెలలకి షుగరు దిగింది. డాక్టరు బండి తోలుకోమన్నారు. భాస్కర్ తిన్నగా షెడ్డుకి వచ్చాడు. సోంబరు లేడు. అతని భార్య కనక ఉడికిన పనసగింజల తొక్క తీస్తోంది.

"అత్తా, మావ నా బండి ఇన్నిసార్లు ఎందుకిప్పినాడు?"

"బండెక్కడ ఇప్పినాడు? ఒకే నట్టు ఊడదీత్తాడు, మళ్ళీ దాన్నే బిగిత్తాడు. నీ బండికేటీ నేదు. వానలకి తడిసిన సీట్లు ఆరబెట్టమని ఇచ్చినావు గదా, అప్పుడు నీ ఆస్పత్రి కాయితం దొరికినాది."

భాస్కర్ ఒక పనసగింజ తీసుకుని చాలాసేపు నమిలాడు.

"మరి ఊరందరి పొట్లాలూ ఎందుకు లాక్కున్నట్టు?"

"నీదొక్కటే లాక్కుంటే స్టాండంతా తెలిసిపోదేటి? పాపం, ఆ పెళ్ళికొడుకు ఇంకా తిడతన్నాడు."

ఆ వారం సోంబరు నుంచి పిలుపు రాలేదు. బండికి రోగాలన్నీ ఒక్కసారే నయమైపోయినట్టున్నాయి. మంగళవారం ఊరి బయట మలుపులో భాస్కర్ జీపు ఆపి, తనే స్పానరు తీసి, పక్క అద్దం నట్టు వదులు చేశాడు. ఒంటిగంటకి షెడ్డు ముందు దిగాడు.

"మావా, అద్దం ఊగుతంది."

సోంబరు నట్టు మీద తాజా గీతలు చూశాడు. భాస్కర్ ముఖంలోకి చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"అమ్మో, ఇది సానా పెద్ద రిపేరు. కూకో. కనకా, రెండు గ్లాసులు!"